పత్రికా స్వాతంత్ర్యం - చట్టం కల్పించిన రక్షణలు

శాసనసభ, కార్యనిర్వాహక వర్గం, న్యాయస్థానం అనే మూడు స్తంభాల సరసన పత్రికను నాలుగవ స్తంభమని పేర్కొనడం మనకు పరిపాటి. కళాశాలల్లో జరిగే వక్తృత్వపు పోటీలలో ఈ మాట వినిపించని సంవత్సరం ఉండదు. అయితే భారత రాజ్యాంగాన్ని మొదటి పుట నుండి చివరి పుట వరకు తిరగవేసినా, ప్రాథమిక హక్కుల జాబితాలో పత్రికా స్వాతంత్ర్యం అనే పేరుతో ప్రత్యేకమైన హక్కు ఏదీ కనిపించదు. మరి మన పత్రికలకు ఉన్న రక్షణ ఎక్కడి నుండి వచ్చింది? అది ఎంత దూరం వస్తుంది? ఎక్కడ ఆగిపోతుంది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది న్యాయశాస్త్ర విద్యార్థులకు మాత్రమే పనికివచ్చే విషయమని పాఠకులు భావించవద్దని మనవి. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాధాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుండి మన నగరం పడమటి దిక్కున మరొక నగరమే వెలసింది. 2003లో ఆ ప్రాంతానికి సైబరాబాదు పేరిట వేరొక పోలీసు కమిషనరేటు ఏర్పడింది. ఫేస్‌బుక్ సంస్థ 2010లో భారతదేశంలో తన మొదటి కార్యాలయానికి ఎన్నుకున్న నగరం హైదరాబాదే. ఒకప్పుడు మాట అచ్చు కావాలంటే ముద్రణాలయం, కాగితం, పెట్టుబడి అవసరమయ్యేవి. నేడు గచ్చిబౌలిలో బస్సు కోసం నిలబడిన విద్యార్థి తన చేతిలోని ఫోనుతోనే వేలమందికి వార్త పంపగలుగుతున్నాడు. అందుచేత మాటను ఎవరు ఆపవచ్చు, ఏ కారణంతో ఆపవచ్చు అనే ప్రశ్న ఇప్పుడు సంపాదకులకు పరిమితమైనది కాదు. అది మన అందరి ప్రశ్న.

షోయబుల్లా ఖాన్ ఉదంతం

ఈ ప్రశ్నను అర్థం చేసుకోవడానికి హైదరాబాదు వాసులు దూర దేశాలకు పోనక్కరలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన షోయబుల్లా ఖాన్, మందుముల నరసింగరావు గారి సంపాదకత్వంలో వెలువడిన 'రయ్యత్' అనే ఉర్దూ పత్రికలో పని చేశారు. నిజాం ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది. పిదప ఆయన 1947 నవంబరులో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రికను స్థాపించి తానే సంపాదకుడైనారు. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలనీ, హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరాలనీ, రజాకార్ల దౌర్జన్యం అంతం కావాలనీ ఆయన ఉర్దూ భాషలోనే, ఉర్దూ పాఠకులకే నిర్భయంగా చెప్పారు. విలీనాన్ని కోరుతూ కొందరు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను తన పత్రికలో ప్రచురించారు. బెదిరింపులు వచ్చినా కలం ఆపలేదు.

1948 ఆగస్టు 21 రాత్రి కార్యాలయం నుండి కాచిగూడలోని ఇంటికి తిరిగి వస్తుండగా దుండగులు ఆయనపై దాడి చేసి, కాల్చి, వ్రాసే చేతిని నరికివేశారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ సైతం చేయి కోల్పోయారు. మరునాటి తెల్లవారుజామున షోయబుల్లా ఖాన్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. నెల తిరగకుండానే, సెప్టెంబరులో, భారత సైన్యం రంగప్రవేశంతో సంస్థానం చరిత్ర ముగిసింది.

ఈ ఉదంతంలో రెండు పాఠాలున్నాయి. 'రయ్యత్' పత్రికను అణచినది ప్రభుత్వ ఉత్తర్వు. 'ఇమ్రోజ్' సంపాదకుణ్ణి అణచినది ప్రైవేటు వ్యక్తుల కత్తి. ఆ కత్తిని ఆపవలసిన ప్రభుత్వం ఆపలేదు. కనుక పత్రికా స్వాతంత్ర్యం అంటే ప్రభుత్వం జోక్యం చేసుకోకపోవడం ఒక్కటే కాదు. వ్రాసిన వానిని కాపాడడం కూడా ప్రభుత్వం బాధ్యతే. మొదటిది ప్రభుత్వం నుండి రక్షణ, రెండవది ప్రభుత్వం ద్వారా రక్షణ. ఈ రెండింటిలో ఏది లోపించినా స్వాతంత్ర్యం కాగితం మీదనే మిగిలిపోతుంది.

రాజ్యాంగం ఇచ్చిన హక్కు

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ వాక్ స్వాతంత్ర్యాన్ని, భావప్రకటన స్వాతంత్ర్యాన్ని ప్రసాదించింది. పత్రికలను ప్రత్యేకంగా పేర్కొనలేదేమని రాజ్యాంగ సభలో ప్రశ్న వచ్చినప్పుడు, పత్రిక అనేది పౌరుడు తన అభిప్రాయం చెప్పుకొనే మరొక మార్గమే గనుక దానికి వేరే ప్రస్తావన అవసరం లేదని డాక్టర్ అంబేద్కర్ వివరించారు.

ఈ వివరణ వల్ల ఒక విశేషం ఏర్పడింది. మన దేశంలో పెద్ద దినపత్రిక సంపాదకునికి ఎంత హక్కు ఉన్నదో, గోడపత్రిక వ్రాసే విద్యార్థికి కూడా అంతే హక్కు ఉన్నది. సంపాదకునికి దక్కిన ప్రతి తీర్పు సామాన్య పౌరునికి కూడా దక్కినట్లే. అదే విధంగా సంపాదకుడు కోల్పోయిన ప్రతి అంగుళాన్ని సామాన్యుడు కూడా కోల్పోయినట్లే.

రాజ్యాంగం అమలులోకి వచ్చిన నాలుగు నెలలకే ఈ హక్కుకు పరీక్ష వచ్చింది. నాటి మద్రాసు ప్రభుత్వం 'క్రాస్ రోడ్స్' అనే వారపత్రిక తన రాష్ట్రంలోకి రాకుండా నిషేధించింది. కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. 1950 మే నెలలో రొమేష్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. వ్రాసే హక్కులో పంచే హక్కు కూడా ఇమిడి ఉన్నదనీ, పాఠకునికి చేరని పత్రికకు స్వేచ్ఛ ఉన్నా ప్రయోజనం లేదనీ ఆ తీర్పు సారాంశం. అదే సమయంలో 'ఆర్గనైజర్' పత్రికపై ఢిల్లీ అధికారులు విధించిన ముందస్తు సెన్సారును కూడా కోర్టు చెల్లదన్నది. మొదటిది వామపక్ష భావాల పత్రిక, రెండవది దానికి పూర్తిగా విరుద్ధమైన భావాల పత్రిక. చట్టం రెండింటినీ ఒకే త్రాసులో తూచింది. పత్రికా స్వాతంత్ర్యాన్ని గౌరవించే వారికి ఇది మొదటి నియమం కావాలి. మనకు నచ్చిన పత్రికకు మాత్రమే కోరే స్వేచ్ఛను స్వేచ్ఛ అనలేము.

ఈ తీర్పుల తరువాత 1951లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి ఆంక్షలకు కారణాలను పెంచింది. అయితే ఆ ఆంక్షలు 'సహేతుకమైనవి'గా ఉండాలన్న మాటను కూడా చేర్చింది. నేడు 19(2) అధికరణంలో ఎనిమిది కారణాలున్నాయి. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో మైత్రి, శాంతిభద్రతలు, సభ్యత లేక నీతి, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపణ. ఈ జాబితాలో ప్రభుత్వానికి కలిగే ఇబ్బంది లేదు. అధికారి ప్రతిష్ఠ లేదు. ఎక్కువ మందికి నచ్చకపోవడం కూడా లేదు. విద్యార్థులు ఈ ఎనిమిదింటినీ కంఠస్థం చేయడం మంచిది. ఎవరు ఏ వార్తను ఆపబోయినా ఈ ఎనిమిదింటిలో ఏది అని అడగవచ్చు.

అచ్చుకు ముందు

మాటను ఆపడంలో రెండు పద్ధతులున్నాయి. అచ్చు కాకముందే ఆపడం మొదటిది, అచ్చయిన తరువాత శిక్షించడం రెండవది. మొదటిది మరింత ప్రమాదకరం. ఏలననగా అచ్చయిన దానిపై ప్రజలు తామే తీర్పు చెప్పుకొనగలరు, అచ్చు కానిది ఉన్నట్లే ఎవరికీ తెలియదు.

బ్రిటిష్ పాలకులకు ఈ రహస్యం బాగా తెలుసు. 1878లో వారు తెచ్చిన దేశభాషా పత్రికల చట్టం ఆంగ్ల పత్రికలను వదలి దేశభాషల పత్రికలనే పట్టుకున్నది. ప్రజలకు అర్థమయ్యే భాషలో వ్రాసేవాడే ప్రమాదకారి అని వారి లెక్క. తెలుగు నేలపై గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 'స్వరాజ్య' పత్రికలోని వ్యాసానికి 1908లో రాజద్రోహ నేరం మీద కారాగారవాసం అనుభవించారు.

స్వతంత్ర భారతంలో ఈ రక్షణ కూలిపోయిన కాలం కూడా ఉన్నది. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించి, పత్రికలపై ముందస్తు సెన్సారు విధించారు. కొన్ని పత్రికలు సంపాదకీయపు స్థలాన్ని ఖాళీగా వదలి నిరసన తెలిపాయి. పార్లమెంటు చర్చలను పత్రికలు నిర్భయంగా ప్రచురించుకొనేందుకు ఫిరోజ్ గాంధీ చొరవతో 1956లో వచ్చిన చట్టాన్ని కూడా 1976లో రద్దు చేశారు. 1977 మార్చిలో అత్యవసర పరిస్థితి ముగిసిన పిదప ఆ చట్టాన్ని పునరుద్ధరించారు. 1978 నాటి 44వ సవరణ ద్వారా, చట్టసభల కార్యకలాపాలను దురుద్దేశం లేకుండా, సారాంశంలో సత్యంగా ప్రచురించేవారికి 361-ఎ అధికరణం రూపంలో రాజ్యాంగ రక్షణే కల్పించారు. సాధారణ చట్టాన్ని రద్దు చేసినంత సులభంగా రాజ్యాంగ నిబంధనను రద్దు చేయలేరన్నది ఆనాటి అనుభవం నేర్పిన తెలివి.

1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు మరొక అడుగు వేసింది. ఒక వ్యాసం తమ పరువుకు భంగం కలిగిస్తుందన్న అనుమానంతో అధికారులు దాని ప్రచురణను ముందుగా ఆపజాలరని స్పష్టం చేసింది. వారికి ఫిర్యాదు ఉంటే ప్రచురణ తరువాత కోర్టుకు వెళ్లవచ్చు.

సెన్సారు ఎప్పుడూ సెన్సారు పేరుతోనే రాదు. 1960 నాటి కేంద్ర ఉత్తర్వు ఒకటి పత్రిక ఎన్ని పుటలుంటే ఎంత ధర ఉండాలో నిర్ణయించబోయింది. పూనాలోని మరాఠీ పత్రిక 'సకాల్' వేసిన కేసులో 1961లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. పత్రికల పుటల సంఖ్యకు పరిమితి విధించిన న్యూస్‌ప్రింటు విధానం కూడా 1972లో బెనెట్ కోల్‌మన్ కేసులో చెల్లలేదు. కాగితాన్ని పట్టుకొని కలాన్ని ఆపరాదన్నదే ఈ తీర్పుల భావం.

అచ్చు తరువాత

ప్రచురణ అనంతరం వచ్చే చిక్కులలో మొదటిది పరువునష్టం. దానికి సివిలు దావా ఉన్నది, క్రిమినలు కేసు కూడా ఉన్నది. సివిలు దావాలో వ్రాసినది సత్యమని నిరూపించగలిగితే అది సంపూర్ణమైన సమాధానం. క్రిమినలు కేసులో సత్యం ఒక్కటే చాలదు, అది ప్రజాశ్రేయస్సుకు ఉపయోగించేదై కూడా ఉండాలి. ఈ నిబంధన చెల్లుతుందని 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షను ప్రకారం దీనికి రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

రెండవది సభాహక్కుల చిక్కు. 1983 మార్చిలో 'ఈనాడు' దినపత్రిక నాటి ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జరిగిన గొడవను 'పెద్దల సభలో గలభా' అనే శీర్షికతో ప్రచురించింది. ఆ శీర్షిక సభను కించపరిచిందని మండలి సంపాదకులు రామోజీరావు గారిపై సభాహక్కుల ఉల్లంఘన చర్యకు పూనుకొని, ఆయనను సభ ముందు నిలబెట్టవలసిందిగా ఆదేశించింది. ఆయన సుప్రీంకోర్టును ఆశ్రయించగా అరెస్టుపై స్టే లభించింది. అయినా 1984 మార్చిలో పోలీసు అధికారి ఆయన కార్యాలయానికి వచ్చే వరకు వ్యవహారం ముదిరింది. చట్టసభకూ న్యాయస్థానానికీ మధ్య సంఘర్షణగా అది దేశమంతటా చర్చకు వచ్చింది. 1985లో మండలియే రద్దయింది, తిరిగి 2007లో ఏర్పడింది. కాని అసలు ప్రశ్న అలాగే ఉన్నది. 194వ అధికరణం చట్టసభల హక్కులను చట్టం ద్వారా నిర్వచించుకొనే వీలు కల్పించినా, ఆ నిర్వచనం పూర్తిగా నేటికీ జరగలేదు. హద్దు గీయని చోట హద్దు మీరినదీ లేనిదీ వ్రాసేవానికి ముందుగా ఎట్లా తెలుస్తుంది?

మూడవది రాజద్రోహం. ఒక పార్లమెంటు సభ్యుని విమర్శలను ప్రసారం చేశారని 2021 మే నెలలో హైదరాబాదు కేంద్రంగా గల టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్లపై ఆంధ్రప్రదేశ్ సి.ఐ.డి. రాజద్రోహ నేరం మోపింది. మే 31న సుప్రీంకోర్టు ఆ చానళ్లపై బలవంతపు చర్యలను ఆపుతూ, ప్రత్యేకించి పత్రికలు, ప్రసార మాధ్యమాల విషయంలో రాజద్రోహ నిబంధనకు హద్దులు నిర్ణయించవలసిన సమయం వచ్చిందని అభిప్రాయపడింది. 2022 మే 11న ఆ సెక్షను అమలునే నిలుపుదల చేసింది. కొత్త సంహితలో ఆ పేరు లేదు. కాని దేశ సార్వభౌమత్వానికి, సమైక్యతకు భంగం కలిగించే చర్యల గురించిన 152వ సెక్షను చేరింది. ప్రభుత్వ చర్యలను చట్టబద్ధంగా మార్చవలెనన్న కోరికతో చేసే విమర్శ మాత్రం నేరం కాదని ఆ సెక్షను వివరణే చెబుతున్నది.

సైబరాబాదు కాలంలో

సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. 2008 సవరణతో చేరిన 66-ఎ సెక్షను, ఇతరులకు చికాకు లేక అసౌకర్యం కలిగించే సందేశానికి మూడేళ్ల జైలు శిక్ష విధించింది. చికాకు అంటే ఏమిటి? ఎవరి చికాకు? పైన పేర్కొన్న ఎనిమిది కారణాలలో చికాకు లేదు గదా! అస్పష్టమైన ఈ నిబంధన 19(2) అధికరణంలో ఇమడదని 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దానిని పూర్తిగా కొట్టివేసింది. ఆశ్చర్యకరమైన విషయమేమంటే ఆ తరువాత కూడా దేశంలో అనేక చోట్ల పోలీసులు అదే సెక్షను క్రింద కేసులు పెడుతూ వచ్చారు. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మరల జోక్యం చేసుకొని ఆ కేసులను విరమించవలసిందిగా ఆదేశించింది. తీర్పు వెలువడడం ఒక ఎత్తు, అది పోలీసు ఠాణాకు చేరడం మరొక ఎత్తు.

అంతర్జాల సేవలను నిలిపివేసే ఉత్తర్వులను ప్రకటించాలనీ, అవి నిరవధికంగా ఉండరాదనీ, అవసరానికి మించి ఉండరాదనీ 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో కోర్టు చెప్పింది. మన తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరు 10న ఇచ్చిన తీర్పు ఇంకా సమీపమైనది. రాజకీయ విమర్శతో కూడిన పోస్టులపై నమోదైన కేసులను కొట్టివేస్తూ పోలీసులకు కొన్ని మార్గదర్శకాలను నిర్దేశించింది. ఫిర్యాదుదారునికి ఆ విషయంలో నిజంగా హక్కు ఉన్నదా అని చూడాలి. కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ జరపాలి. ఘాటైన రాజకీయ విమర్శను నేరంగా పరిగణించరాదు. పరువునష్టం విషయంలో పోలీసులు నేరుగా కేసు కట్టరాదు, ఫిర్యాదుదారుడు మేజిస్ట్రేటును ఆశ్రయించవలసి ఉంటుంది. అరెస్టును యాంత్రికంగా చేయరాదు. సున్నితమైన కేసులలో ప్రభుత్వ న్యాయవాది సలహా తీసుకోవాలి. మన దేశంలో అనేక సందర్భాలలో చివరికి పడే శిక్ష కంటే ఠాణాల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగడమే పెద్ద శిక్షగా పరిణమిస్తున్నది. అందుచేత కేసు మొదటి మెట్టులోనే ఈ జాగ్రత్తలు ఉండడం ఎంతో విలువైన రక్షణ.

చట్టం అందుకోలేని చోట్లు

ఇంత చెప్పిన తరువాత లోపాలను దాచడం న్యాయం కాదు. 1966లో ఏర్పడి, అత్యవసర పరిస్థితి కాలంలో రద్దయి, 1978 చట్టంతో తిరిగి ప్రాణం పోసుకున్న ప్రెస్ కౌన్సిల్‌కు పత్రికను హెచ్చరించే, మందలించే అధికారం ఉన్నదే గాని శిక్షించే అధికారం లేదు. టెలివిజన్ చానళ్లు దాని పరిధిలోకి రావు. కౌన్సిల్ ముందు విలేకరి తన వార్తకు ఆధారం ఎవరో చెప్పనవసరం లేదన్న నిబంధన ఉన్నా, అన్ని కోర్టులలోనూ వర్తించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు.

మరొక లోపం మన పట్టభద్రులకు చాలా దగ్గరిది. 19వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వాన్ని నియంత్రించేది. నేడు ఒక వార్త వేలమందికి చేరేదీ లేనిదీ అనేక సందర్భాలలో నిర్ణయించేది ప్రభుత్వం కాదు, సామాజిక మాధ్యమ సంస్థల నియమావళి. ఆ నియమాలను అమలు చేసే ఉద్యోగాలలో మన నగర యువతీయువకులు కూడా ఉన్నారు. ఉర్దూలో, తెలుగులో వచ్చిన వాక్యం ద్వేషమా, విమర్శయా, హాస్యమా అని తేల్చవలసినవారు ఆ భాషల నుడికారం ఎరిగినవారే కావాలి. ఆ కుర్చీలో కూర్చున్న విద్యార్థికి పై ఎనిమిది కారణాలు తెలిసి ఉంటే, అధికారికి నచ్చని మాటకూ హింసకు పురికొల్పే మాటకూ గల భేదం తెలిసి ఉంటే, అది సమాజానికి మేలు. లేనిచో సెన్సారు అధికారి పని తెలియకుండానే మన చేతిమీదుగా జరిగిపోవచ్చు.

ఉపసంహారం

చట్టం కంచె వంటిది. కంచె వేసినంత మాత్రాన పంట పండదు, సేద్యం చేయవలసినది మనమే. ధ్రువపరచుకోని వార్తను ముందుకు పంపేవాడు షోయబుల్లా ఖాన్ వారసుడు కాడు. ఆయన తన పేరు పెట్టుకొని, తెలిసిన సత్యాన్ని, తన పాఠకుల మధ్యనే నిలబడి చెప్పారు. కనుక విద్యార్థులు వ్రాసే ముందు విచారించాలి, వ్రాసినదానికి బాధ్యత వహించాలి. ఎవరైనా ఆపమంటే వ్రాతపూర్వకమైన ఉత్తర్వును, అందులోని సెక్షనును మర్యాదగా అడగడం నేర్చుకోవాలి.

విజ్ఞులైన కళాశాల కమిటీ వారికి కూడా ఒక మనవి. ఈ వార్షిక సంచిక సైతం ఒక పత్రికయే. విద్యార్థి రచనలోని తప్పుడు సమాచారాన్ని దిద్దడం సంపాదకుని ధర్మం. అందులోని అభిప్రాయం మనకు రుచించలేదని తొలగించడం వేరు. ఆ రెండింటికీ గల తేడాను మా విద్యార్థులు మొదట ఈ పుటలలోనే చూడగలిగితే, రేపు వార్తా కార్యాలయంలోనైనా, హైటెక్ సిటీలోని ఏ కార్యాలయంలోనైనా దానిని మరువబోరని మా విశ్వాసం.